రెండో చేతి లేసు

బండ అని అందరూ పిలిచే ఆ బాక్సర్ డిటెక్టివ్ ఆఫీసు మెట్లెక్కి వచ్చేనాటికి అతని దగ్గర ఉన్నవి ఇవి: అమెచ్యూర్ రోజుల్లో గెలిచిన పతకాలు ఒక పెట్టెడు, ప్రొఫెషనల్ అయ్యాక ఓటమన్నది అంటని పేరు, వంకర తిరిగిన ముక్కు, మరో వారంలో హెవీవెయిట్ టైటిల్ పోటీ. ఇవన్నీ తక్కెడలో ఒకవైపు వేసినా రెండోవైపే కిందికి లాగుతోంది. అక్కడున్నది భయం.

ఆ సంగతి డిటెక్టివ్‌గారి అసిస్టెంటు చూడగానే పసిగట్టాడు. అతను ఈ పనిలోకి రాకముందు బట్టల కొట్టు నడిపాడు. గుమ్మంలో నిలబడ్డవాడు కొనేవాడో, నలిపి చూసి పోయేవాడో అతనికి ఇట్టే తెలిసేది. ఈ మనిషి మాత్రం గుమ్మం దాటుతూ ఎడమ భుజాన్ని తలుపుచెక్కకు దబ్బున కొట్టుకున్నాడు. ఇంత ఒళ్ళు మోసేవాడికి ఏ గుమ్మమైనా ఇరుకే అనుకుని అసిస్టెంటు టీ తెచ్చి అతని ఎడమ మోచేతి పక్కన పెట్టాడు.

బండ గుడ్డసంచిలోంచి పాత బాక్సింగ్ గ్లవ్స్ జత తీసి బల్లమీద పెట్టాడు. ఎర్రరంగు వెలిసి, తోలు పగుళ్ళిచ్చింది. లేసులు మణికట్టు దాకా బిగించి కట్టి ఉన్నాయి.

"సార్, వీటిలో చెయ్యి పెట్టి చూడండి."

డిటెక్టివ్ వేళ్ళు దూర్చాడు. లోపల తడిగా ఉంది.

"ఇవి మా బావమరిదివి," అన్నాడు బండ. గొంతు పిల్లవాడి గొంతులా సన్నబడింది. "వాణ్ణి అందరూ పుర్రచెయ్యి అనేవాళ్ళు. ఎడమచేతి దెబ్బ పిడుగే. అమెచ్యూర్ ఫైనల్లో నేనూ వాడూ తలపడ్డాం. చివరి రౌండులో నా కుడిచేతి దెబ్బ తగిలింది. మళ్ళీ లేవలేదు. అప్పటినుంచి ఈ గ్లవ్స్ మా జిమ్ గోడకు మేకుకి వేలాడుతూనే ఉన్నాయి. ఇప్పుడేమో రోజూ తెల్లారి తలుపు తీసేసరికి పంచింగ్ బ్యాగ్ దానంతటదే ఊగుతుంటుంది. దాని కింద ఇవి. ఇదిగో ఇలా కట్టి, ఇలా చెమటతో."

"ఎవరో ఆటపట్టిస్తున్నారేమో."

"లేసు కొసలు చూడండి. లోపలికి మడిచి ఉన్నాయి. బయటికి వేలాడితే ఎదుటివాడి కంట్లో గీసుకుంటాయి కదా. మేమంతా పైన టేపు చుట్టుకునేవాళ్ళం. వాడొక్కడి గ్లవ్సే ఎప్పుడూ ఇలా ఉండేవి. ఈ మడత ఇంకెవరికీ రాదు సార్." బండ చెయ్యి విసిరాడు. టీ గ్లాసు నేలమీద పడి పగిలింది. అతను ఉలిక్కిపడి, ఆ గ్లాసు అక్కడికి ఎలా వచ్చిందన్నట్టు చూశాడు. "మనిషైతే పట్టివ్వండి. వాడే అయితే... ఏం కావాలో అడిగి చెప్పండి. నా కుడిచెయ్యి లేవడం లేదు. బరిలో దిగితే వాడి మొహమే కనిపిస్తోంది."

డిటెక్టివ్ గ్లవ్స్ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. పగిలిన గ్లాసు వైపు ఇంకాసేపు చూశాడు. "రేపు తెల్లారి వస్తాం," అన్నాడు.

*

మర్నాడు పొగమంచు వీధి నిండా పాలమీగడలా పేరుకుని ఉంది. జిమ్ కింద, ఇల్లు పైన. బయటి మెట్లమీదుగా బండ దిగివచ్చి తాళం తీశాడు. ఉన్నది ఒకటే తాళంచెవి, అది అతని దిండు కిందే ఉంటుంది.

తలుపు తెరుచుకోగానే లోపలి గాలి మొహానికి తగిలింది. పాత తోలు, నూనె, మూలల్లో మురిగిన చెమట. ఆ మసకలో మనిషంత బ్యాగ్ గొలుసుకు వేలాడుతూ ఊగుతోంది. కిర్రు... కిర్రు... మనిషన్నవాడు లేడు. కిందటి రోజు మళ్ళీ మేకుకి తగిలించిన గ్లవ్స్ ఇప్పుడు బ్యాగ్ కింద, పక్కపక్కనే, లేసులు కట్టినవి కట్టినట్టే, ఎవరో అలసిపోయి చేతులు లాగేసుకున్నట్టు పడి ఉన్నాయి.

దెయ్యాల్ని నమ్మడం నష్టం బేరమని అసిస్టెంటు ఎప్పుడో తేల్చుకున్నాడు. అయినా ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఏమోయ్, వణుకుతున్నావా?"

"మంచు సార్."

"మంచు బయట ఉంది." డిటెక్టివ్ బ్యాగ్ పై పట్టీలను వేలితో తడిమాడు. ఒకచోట సన్నని గీతలా మైనం మెరుస్తోంది. అతను తల పైకెత్తాడు. పైకప్పు చెక్కపలకలది. బ్యాగ్‌కు నేరుగా పైన కాదు, మూరెడు పక్కగా, రెండు పలకల మధ్య సన్నని వెలుగు గీత కనిపించి, ఎవరో అడ్డం వచ్చినట్టు ఆరిపోయింది.

కాసేపటికి కోచ్ వచ్చాడు. తల నెరిసిన మనిషి, మాటకు ముందు దగ్గు.

"గురువుగారూ, కుర్రాళ్ళ లేసులు ఎవరు కడతారు?"

"నేనే. కట్టి, పైన టేపు చుడతా. ఇంకెలా కడతారు?"

"పుర్రచెయ్యికి కూడా మీరేనా?"

కోచ్ ఆలోచించాడు. "వాడు నా దగ్గరికి వచ్చేసరికే చేతులు సిద్ధంగా ఉండేవి. నేనెప్పుడూ ముట్టుకోలేదు."

బండకు అన్న ఒకడున్నాడు; తమ్ముడి పోటీల వ్యవహారాలు చూస్తాడు, ఊరికి అటు చివర ఉంటాడు. వస్తూనే విసుక్కున్నాడు. "దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు. అవతలివాళ్ళెవరో మా తమ్ముణ్ణి బెదిరిస్తున్నారు. వెళ్ళి వాళ్ళని పట్టుకోండి. అవతలివాడి కుడిచేతి ఊపు చూశారా? కొబ్బరి పీచు ఒలిచినట్టు ఒలుస్తాడు. వీడి గుండె గట్టిగా ఉండాలి."

"పోటీకి ముందు డాక్టరు కళ్ళు చూశాడా?"

"ఆఁ, గోడమీది అక్షరాలన్నీ గడగడా చదివాడు. పక్కనే ఉన్నా. ఓసారి కుడిచేత్తో కన్ను మూసుకుని చదివాడు, ఓసారి ఎడమచేత్తో మూసుకుని."

పైగదిలో బండ భార్య చినిగిన గ్లవ్ కుడుతోంది. జిమ్ సామాన్ల కుట్టుపనంతా ఆవిడదే. మైనం రాసిన దారం, మందపాటి సూది. మూల ఉయ్యాల్లో పాప నిద్రపోతోంది. ఆవిడ కుడుతూనే కాలితో ఉయ్యాల తాడును కొంచెం కొంచెంగా లాగుతోంది.

"మీ తమ్ముడు తిరిగొచ్చాడని మీరూ అనుకుంటున్నారామ్మా?"

"వాడొస్తే నాకే కనిపించేవాడండీ," అంది ఆవిడ తల ఎత్తకుండా. సూది మాత్రం ఆగిపోయింది.

డిటెక్టివ్ ఉయ్యాల వైపు చూస్తూ నిలబడి, "మంచి ఊపు," అని దిగిపోయాడు.

*

ఆ సాయంత్రం అందరూ జిమ్‌లో చేరారు. బండ బరి అంచున కూర్చున్నాడు. కోచ్, అన్న బెంచీ మీద. భార్య పాపను భుజాన వేసుకుని గోడవారన నిలబడింది.

"ఏమోయ్," అన్నాడు డిటెక్టివ్ అసిస్టెంటుతో, "ఈ గ్లవ్స్ వేసుకుని లేసులు కట్టుకో."

అసిస్టెంటు మొదటిది తొడిగి, పళ్ళతో ఒక కొస, ఖాళీ చేత్తో ఇంకో కొస పట్టుకుని ఎలాగో ముడి వేశాడు. రెండోది తొడిగాక గానీ తెలియలేదు, ఇప్పుడు అతనికి వేళ్ళున్న చెయ్యి లేదు. లేసును పళ్ళతో లాగాడు, మోకాళ్ళ మధ్య నొక్కాడు, చుట్టూ తిరిగాడు.

"తోక దొరకని కుక్కపిల్లలా ఉన్నాడయ్యా," అన్నాడు కోచ్ దగ్గుతూ.

"అంతే," అన్నాడు డిటెక్టివ్. "దెయ్యమైనా సరే, రెండో చేతి లేసు కట్టుకోలేదు. ఇంకో మనిషి కావాలి. బండా, ఆ మడత మీ బావమరిదిదని భయపడ్డావు. కానీ వాడు తన లేసులు తను ఎప్పుడూ కట్టుకోలేదు. గురువుగారు కూడా కట్టలేదు. మరి వాడి చేతుల్ని సిద్ధం చేసి పంపిందెవరు?"

బండ మెల్లగా తల పూర్తిగా తిప్పి భార్య వైపు చూశాడు.

"గ్లవ్స్ లోపల తడి ఉంది, చెమట వాసన లేదు. అది నీళ్ళ తడి. బ్యాగ్ పట్టీ మీద మైనం. పైగదిలో మైనం దారం. పట్టీ చుట్టూ దారం తిప్పి, రెండు కొసలూ పలకల సందులోంచి పైకి తీసుకుని, ఉయ్యాలను ఊపినట్టు కొంచెం కొంచెంగా లాగితే ఎంత బరువైనా ఊగుతుంది. తాళం చప్పుడు కాగానే ఒక కొస వదిలి రెండోది లాక్కుంటే దారమే ఉండదు. నువ్వు మెట్లు దిగేటప్పుడు పైన ఉండేదెవరు? నీ దిండు కింద చెయ్యి పెట్టగలిగేదెవరు?"

"నా మరదలా!" అంటూ బండ అన్న లేచాడు. "ఇంటి పరువు..."

"కూర్చోండి. ఆవిడ పొరపాటు ఒక్కటే. బ్యాగ్‌కు కళ్ళుండవు. దానికోసం లేసు కొసలు మడవక్కర్లేదు. కానీ ఆ చేతులకు అలవాటు, ఎదుటివాడి కన్ను పోకూడదని." డిటెక్టివ్ ఆవిడ వైపు తిరిగాడు. "అమ్మా, ఎందుకు చేశారో మీరు చెప్పలేరు. ఇంత తెలిసీ నోరు విప్పకుండా దెయ్యాన్ని తెచ్చారంటే, మీచేత ఒట్టు వేయించుకున్నట్టే. కాబట్టి నేను చెప్తాను. నేను చెప్పేది తప్పయితేనే మాట్లాడండి."

ఆవిడ పాపను గట్టిగా హత్తుకుంది.

"మీ ఆయనకు ఎడమ కన్ను కనిపించడం లేదు. తలుపుచెక్క కనపడలేదు, టీ గ్లాసు కనపడలేదు. డాక్టరు దగ్గర మూసే చెయ్యి మార్చాడు గానీ మూసే కన్ను మార్చలేదు. రెండుసార్లూ ఎడమ కన్నే మూశాడు. అవతలివాడి కుడిచేతి దెబ్బ వచ్చేది సరిగ్గా ఆ చీకటివైపు నుంచే. ఎవరికైనా చెబితే పాప మీద ఒట్టు అని ఉంటాడు."

ఆవిడ మాట్లాడలేదు. గొలుసు కూడా కిర్రుమనలేదు. ఆ మౌనం కంటే భయంకరమైనది ఆ పొద్దుటి మసకలో కూడా లేదనిపించింది అసిస్టెంటుకు.

కోచ్ గబగబా వచ్చి బండ ఎడమ చెంప పక్కన వేళ్ళు ఆడించాడు. బండ రెప్ప వేయలేదు. "ఒరేయ్," అన్నాడు కోచ్, అంతే, ముసలి చెయ్యి ఆ పెద్ద భుజమ్మీద ఉండిపోయింది.

"ఒక్క పోటీ," అన్నాడు బండ. "ఈ ఒక్కటీ గెలిస్తే చాలనుకున్నా. వాడి ప్రాణం తీసి నిలబడ్డవాణ్ణి. మధ్యలో వదిలేస్తే వాడు ఊరికే పోయినట్టు కాదా?"

అప్పుడు ఆవిడ నోరు విప్పింది. "మీరు తీయలేదండీ."

"ఏంటి?"

"ఫైనల్‌కు ముందే వాడికి తలపోటు. గోడ పట్టుకుని నడిచేవాడు. 'అక్కా, బావకు చెప్పావంటే నామీద ఒట్టు' అన్నాడు. నోరు మూసుకున్నా. లేసులు కట్టి, కొసలు మడిచి, నా చేతులతో నేనే పంపా. మీతో చెబితే ఎక్కడ నన్ను అసహ్యించుకుంటారోనని ఇన్నాళ్ళూ మింగుకున్నా. మళ్ళీ అదే ఒట్టు మీరూ వేయించుకుంటే ఏం చేయను? నా మాట వినరు. వాడి మాటైతే విని పోటీ మానుకుంటారనుకున్నా."

బండ లేచి వెళ్ళి ఆవిడ ముందు నిలబడ్డాడు. అంత మనిషికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చివరికి పాపను అందుకున్నాడు.

"అన్నా," అన్నాడు వెనక్కి తిరక్కుండా, "పోటీ లేదని చెప్పు."

అన్న కోచ్ వైపు ఒకసారి చూసి, కబురు చెప్పడానికి బయటికి నడిచాడు.

*

కొంతకాలం తర్వాత డిటెక్టివ్, అసిస్టెంటు అటుగా వెళుతూ జిమ్‌లో ఆగారు. బండ ఎడమ కంటికి ఆపరేషన్ అయింది. వెలుగూ నీడా మాత్రం తిరిగొచ్చాయి. బండ కొత్త కుర్రాళ్ళకు కుడిచేతి దెబ్బ నేర్పుతున్నాడు. గోడమీది మేకు ఖాళీగా ఉంది. ఆ పాత గ్లవ్స్ లేసులు ఆవిడ విప్పేసి, లోపల ఎండు గుడ్డలు కుక్కి పెట్టెలో దాచిందట.

ఆవిడ టీ తెచ్చింది. అసిస్టెంటు సాయం చేయబోయి, అప్పట్లాగే గ్లాసు బండకు ఎడమవైపున పెట్టి నాలుక కరుచుకున్నాడు.

దారిలో అతను మనసులో లెక్క వేసుకుంటూనే వచ్చాడు. పోయినవి: టైటిల్, ఓటమి లేని పేరు, ఒక కంటిచూపులో చాలా భాగం, ఒక దెయ్యం. వచ్చింది ఏమిటో ఇప్పటిదాకా అతనికి తేలలేదు.

బండ మాట ఆపి, దాచుకునేది ఏమీ లేని మనిషిలా మొహమంతా ఎడమవైపు తిప్పి చూసి, గ్లాసు అందుకున్నాడు.

అసిస్టెంటు లెక్క అక్కడ సరిపోయింది.