వినకుండా రాసిన పేరు

"తూరున్! కెనడా నుంచి జవాబొచ్చిందే!"

బూట్లకు అంటిన మంచు కూడా దులుపుకోకుండా నాన్న హాల్వార్ లోపలికి వచ్చేశాడు. చేతిలో ఫోన్ ఊపుతున్నాడు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని రేడియో ముందు కూర్చున్న పదేళ్ళ తూరున్‌కి గుండె జారిపోయింది.

మధ్యాహ్నం పన్నెండైనా బయట చీకటే. నార్వే ఉత్తరపు కొసన డిసెంబరంతా సూర్యుడు రాడు. చీకట్లోనే దూరపు స్టేషన్లు బాగా అందుతాయి కాబట్టి రేడియో పిచ్చోళ్ళకు అదే పండగ. ఒడ్డున ఈ చిన్న చెక్క గది, మంచు మీద కిలోమీటరు పొడవున లాగిన ఏరియల్ తీగ ఉంటే చాలు. సముద్రం అవతలి చిన్న చిన్న స్టేషన్లు కూడా వినబడతాయి. ఏం విన్నారో రాసి పంపితే, నిజమేనని ఆ స్టేషన్ వాళ్ళు జవాబిస్తారు.

నాన్న మెయిల్ పైకి చదివాడు. రాసింది లాయిడ్ అనే ముసలాయన. 'నలభై ఏళ్ళుగా ఈ స్టేషన్ నడుపుతున్నాను. సముద్రం దాటి మమ్మల్ని విన్న మొదటి మనిషి మీరే. ఈ రోజు ఏడు గంటల వార్తలవగానే మీ పేరు ఊరందరికీ చెబుతాను. రికార్డింగ్ ఉంటే పంపండి.'

"అక్కడ ఇప్పుడు పొద్దున్న ఆరుంపావు. ఇంకా టైముంది," అన్నాడు నాన్న. "నీ చెవులు బంగారమే తల్లీ! ఏదీ, ఆ రికార్డింగ్ పెట్టు."

తూరున్ హెడ్‌ఫోన్లు తీసి ఆయనకిచ్చింది.

పది రోజుల క్రితం రెయిన్‌డీర్ జింకలు తీగను తెంపేస్తే, నాన్న బాగు చేయడానికి వెళ్ళాడు. ఆయన తీగ అతికించి తిరిగొచ్చేలోపు తూరున్‌కి సన్నగా ఒక పాట వినబడింది. వెంటనే రికార్డింగ్ నొక్కింది. తర్వాత ఎవరో మాట్లాడారు. స్టేషన్ పేరు చెప్పే సమయానికి గరగర కమ్మేసింది. పేరు చెవిన పడితేనే విన్న స్టేషన్ల పుస్తకంలో రాయాలి. అది నాన్న పెట్టిన నియమం. కానీ తూరున్ ఫోన్‌లో స్టేషన్ల జాబితా చూసింది. ఆ ఫ్రీక్వెన్సీ నంబరు మీద నాలుగు స్టేషన్లున్నాయి. ఒకటి ఎంచుకుంది. వాళ్ళ వెబ్‌సైట్‌లో ఆ సమయానికి ఏ పాటలు వేశారో చూసి, అవే పుస్తకంలోకి దించేసింది. 'పేరు స్పష్టంగా వినబడింది' అని కూడా రాసింది. అది నమ్మి నాన్న తన సంతకంతో లాయిడ్‌కి మెయిల్ పంపాడు.

ఇప్పుడు నాన్న కళ్ళు మూసుకుని వింటున్నాడు. ఒకసారి విన్నాడు. మళ్ళీ విన్నాడు.

"స్టేషన్ పేరెక్కడుందే?"

"అక్కడే... పాటయ్యాక. సన్నగా."

నాన్న ఐదోసారి విన్నాడు. ఆరోసారీ విన్నాడు. నుదురు ముడిపడింది. హెడ్‌ఫోన్లు తీసి చెవులు రుద్దుకున్నాడు.

"నాకేం వినబడట్లేదు తూరున్. చెవులు పోతున్నట్టున్నాయి. డాక్టరుకి చూపించుకోవాలేమో."

ఆయన గొంతులో భయం ఉంది. తూరున్‌కి ఏడుపు ఆగలేదు.

"నీ చెవులు బాగానే ఉన్నాయి నాన్నా! అందులో పేరు లేదు. నేను వినలేదు. చూసి రాశాను."

నాన్న పుస్తకం తెరిచి ఆ పేరు మీద గీత కొట్టాడు. అరిచినా బాగుండేది అనిపించింది తూరున్‌కి.

"ఇరవై ఏళ్ళయింది నేను ఈ బల్ల దగ్గర కూర్చోబట్టి," అన్నాడు చివరికి. "వినని స్టేషన్‌కి ఒక్క మెయిల్ కూడా నా పేరుతో పోలేదు." ఫోన్ అందుకున్నాడు. "ఏడయ్యేలోపు ఆయనకి చెప్పాలి."

"నేను చెబుతాను," అంది తూరున్, ముక్కు తుడుచుకుంటూ.

ఫోన్ రెండుసార్లు మోగగానే అవతల ఎత్తారు.

"నార్వే వాళ్ళా! మైకు దగ్గరే ఉన్నాను! ఊరంతా కాచుక్కూర్చుంది!"

"లాయిడ్ గారూ, మా నాన్న పేరు చెప్పకండి." బడిలో నేర్చుకున్న ఇంగ్లీషు తడబడింది. "మీ స్టేషన్ పేరు నేను వినలేదు. పాటలు మీ వెబ్‌సైట్‌లో చూసి రాశాను. మా నాన్నకి తెలియదు. నేను రాసింది నమ్మి పంపాడు. క్షమించండి."

 

"మా ఆవిడ కేక్ కూడా చేసిందే," అన్నాడు ముసలాయన మెల్లగా. "మీ పేరు వస్తుందని అందరికీ చెప్పేశాను. ఇప్పుడు మైకులో ఏమని చెప్పమంటావు?"

తూరున్ నాన్న వైపు చూసింది. 

"జరిగిందే చెప్పండి," అంది. "నాన్న పేరు వద్దు. నా పేరు చెప్పండి. తూరున్."

"ఏమిటీ? లైను సరిగ్గా లేదమ్మా."

తూరున్ లేచి నిలబడింది. ఆయనకు వినబడేలా తన పేరు మళ్ళీ గట్టిగా చెప్పింది.