నాబెయా వంతెన

తన ఉసురు హొసొకావాకి తగలక మానదు. అంగట్లో సోయాగింజల తోఫు వేయిస్తున్నంతసేపూ తొకుజీ అనుకునే మాట ఇదే. పైకే అంటాడు, వినడానికి పిల్లి తప్ప ఎవరూ లేరు కనుక.

వెనకటికి ఒసాకాలో కాలవలు పూడ్చి, వంతెనలు పీకేసి, తారు రోడ్లు వేశారు. ఇప్పుడు పూర్వజల శాఖవాళ్లు ఊళ్లో అందరి కళ్లకీ లేనిది చూపించే కంటిపొరలు అంటించి, పోయిన కాలవలన్నిటినీ మళ్లీ పారించారు. బళ్లు భూమి కింది దారుల్లోకి పోయాయి. పైన వీధుల నిండా నీళ్లు. ఉత్త వెలుగేనని అందరికీ తెలుసు, అయినా ఎవరూ కాలు పెట్టరు. వెలుగు వంతెన ఉన్నచోటే దాటతారు.

తొకుజీకి మాత్రం తారే కనిపిస్తుంది. చిన్నప్పుడే బడి మానేసి బాణలి దగ్గర నిలబడ్డవాడు. నూనె చిట్లి కళ్లు మచ్చలు కట్టాయి. పొర అంటదు.

హొసొకావా ఆ శాఖలో అధికారి. నెల కిందట అంగడికొచ్చినప్పుడు తొకుజీ ముఖానే అడిగాడు.

"మా నాబెయా వంశం కట్టించిన వంతెన, ఇదిగో దీని రాతి స్తంభం. ఎందుకు తెరవరు?"

"ఆధారానికి లోటు లేదండి. వంతెన తెరిచేనాడు ఒకే ఇంటి మూడు తరాల జంటలు ముందు నడవాలి. పాత ఆచారం. ఆ నడక నమోదైతేనే యంత్రం వంతెన నిలబెడుతుంది. మీ ఇంట్లో ఎందరు?"

"నేనూ, పిల్లీ."

"పిల్లి లెక్కకి రాదండి."

"నేను మాత్రం వచ్చానా?"

హొసొకావా వంగి నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు.

ఇవాళ పొద్దున కూడా తొకుజీ వేడి తోఫు పొట్లం కట్టుకుని రోడ్డు మీదికి దిగాడు. ఎదురు గడపలో ఒకియో నిలబడి ఉంది. తల్లి పోయాక అతనికి అన్నం పెట్టి సాకిన పొరుగు మనిషి. ఇప్పుడు మోకాళ్లు పనిచెయ్యవు, ఎగువన ఉన్న వెలుగు వంతెన దాకా నడవలేదు.

"కళ్లు మూసుకో అక్కా, వచ్చేస్తున్నా."

"మూసుకున్నా కనిపిస్తుందిరా. పొర రెప్ప కిందుంది."

అతను గడప చేరేసరికి ఆమె గోడ పట్టుకుని ఉంది.

"రోజూ నువ్వు మునిగిపోవడం చూస్తున్నా. నడుము, మెడ, తల. కాసేపు నువ్వుండవు. రోడ్డేనని నాకు తెలుసు, గుండెకి తెలీదు. ఇక రావొద్దు."

"పోనీ నువ్వే రా. నా చెయ్యి పట్టుకో."

ఆమె చేతికర్ర ముందుకు చాచింది. కర్ర తారుకి తగిలి టక్కుమంది. ఆ చప్పుడు ఇద్దరూ విన్నారు. ఆమె కాలు మాత్రం గడప దిగలేదు.

"చలి పుడుతోందిరా," అంది.

పొట్లం ఆమె చేతిలో పెట్టాడు. ఆమె అటు తిరిగి లోపలికి వెళ్లి తలుపేసుకున్నాకే వెనక్కి నడిచాడు. నడుస్తూ, ఎందుకో, అడుగులు సాగదీసి దూరం కొలిచాడు.

హొసొకావా అతని దగ్గర్నుంచి లాక్కున్నది పదకొండు మీటర్ల తారు రోడ్డు.