బంతిపూల కింద సొట్ట

"మూడుసార్లు తిప్పాల, అంతే గదా!" అనుకుంది ఇందుమతి.

ఆ రోజు ఆయుధ పూజ. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు. ప్రొద్దుటూరులో ఇందు వాళ్ళ నాయన ఆదినారాయణ బాడుగ కారు నడిపేవాడు. పొద్దున్నే కారు కడిగి, బొట్లు పెట్టి, బంతిపూల దండ వేశాడు. దిష్టి తీయడానికి బూడిద గుమ్మడికాయ కూడా తెచ్చాడు. "నీళ్ళు పోసుకొని వస్తా. కాయ ముట్టుకోవద్దు పాపా" అని చెప్పి లోపలికి వెళ్ళాడు.

ముట్టుకోవద్దంటే ఊరుకునే పిల్లా ఇందు? కాయను రెండు చేతులా ఎత్తింది. ఒకసారి తిప్పింది. రెండోసారి తిప్పింది. మూడోసారికి చేతులు బరువు మోయలేకపోయాయి. ధబ్! కాయ జారి ముందు చక్రం మీది మడ్‌గార్డుపై పడింది. కాయకేమీ కాలేదు. మడ్‌గార్డుకు మాత్రం అరచెయ్యంత సొట్ట పడింది.

ఇందు తలుపు వైపు చూసింది. గబగబా దండను సొట్ట మీదికి జరిపింది. చాలదని రెండు దోసిళ్ళ పూలు కుమ్మరించింది. కాయను తీసి ఉన్నచోటే పెట్టింది.

నాయన వచ్చి చూసి మురిసిపోయాడు. "అబ్బ! శానా బాగ చేసినావే పాపా!"

ఇందు నవ్వబోయింది. నవ్వు రాలేదు.

పూజ అయింది. నాయన గుమ్మడికాయను వీధిలో పగలగొట్టాడు. ఇంట్లోవాళ్ళు అరుగు మీద కూర్చుని బొరుగులు తింటున్నారు. అప్పుడొచ్చింది నవాబు.

నవాబంటే పక్కింటి అమీర్ బాషా పెంచుకునే పొట్టేలు. అమీర్ బాషా బిందెలకు సొట్టలు తీస్తాడు. ఆయనెంత నెమ్మదో, నవాబు అంత పెంకి. తలుపు కనబడితే చాలు, ఓ కుమ్ము కుమ్మేది. ఆ రోజు మాత్రం కుమ్మలేదు, పాపం. దండనూ, కుమ్మరించిన పూలనూ కరకరా నమిలేసింది, అంతే.

"హేయ్! హేయ్!" అంటూ నాయన పరుగెత్తాడు. నోటినిండా పూలతో నవాబు. దాని మూతి ముందే సొట్ట.

"ఎంత పని చేస్తివే! బాషా, ఇట్ల రాప్పా! నీ పొట్టేలు కుమ్మి ఏం చేసిందో చూడు. రేపు పొద్దున్నే దువ్వూరు వీరభద్రయ్యను పులివెందులకు తీసుకపోవాల. ఈ కారే గదప్పా నా బతుకు!"

అమీర్ బాషా ముఖం చిన్నబోయింది. "తప్పయిపోయిందప్పా. సొట్ట నేను తీస్తా. దీన్ని సంతకు తోలి అమ్మేస్తా. ఇంగ దీంతో నేను యాగలేను."

నవాబు ఎప్పటిలాగే ఇందు చేతిలోని బొరుగుల కోసం మూతి చాచింది. ఇందుకు ఏడుపు ఆగలేదు.

"నవాబు గాదు నాయనా! నేనే! గుమ్మడికాయ ఎత్తి తిప్పినా. జారి పడింది. పూలు గూడా నేనే కప్పినా."

నవాబు మాత్రం ఆమె చేతిలోని బొరుగులు నములుతూనే ఉంది.

"పడేసింది సరే, కప్పిపెట్టడమేంది?" అన్నాడు నాయన కటువుగా. "నోరులేని జీవాన్ని సంతకు తోలనిస్తాంటివే!"

"అందుకే చెప్పేసినా" అంది ఇందు వెక్కుతూ.

అమీర్ బాషా ముఖం విప్పారింది. పకపకా నవ్వి, తన చెక్క సుత్తి తెచ్చాడు. "రా పాపా. చక్రానికీ రేకుకూ నడుమ నా చెయ్యి పట్టదు. నువ్వే కొట్టాల."

ఇందు కారు కిందికి దూరింది. పైన అమీర్ బాషా ఇనుప దిమ్మె అదిమి పట్టాడు. ఇందు బలమంతా పెట్టి ఒక్కటిచ్చింది.

"ఓయమ్మో! అట్ల గాదు! ఒక్క దెబ్బకే పోవాలంటే ఈ పక్క బుడిపె లేస్తాది. అంచు నుంచి రా. మెల్లగా. ఇంకా మెల్లగా."

టక్. టక్. టక్. చేతులు నొప్పి పుట్టాయి. బుగ్గలకు మట్టి అంటింది. సాయంత్రానికి రేకు సమమైంది. నాయన అరచేత్తో తడిమి చూసి, "భలే!" అన్నాడు. ఇందు సంతోషం పట్టలేక నవాబు మెడ పట్టుకుని గంతులేసింది.

అయితే రంగు మీద వెంట్రుకంత గీత మిగిలిపోయింది.

మరుసటి ఉదయం నాయన కారుకు కొత్త దండ వేశాడు. వీరభద్రయ్య కారెక్కబోతూ ఆగాడు. కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఇదేందప్పా ఆదినారాయణా, ఈడ ఏదో గీత ఉన్నట్టుండాదే?"

నాయన నోరు తెరిచేలోపే ఇందు ముందుకొచ్చింది. గీత మీద సగం వాలిన దండను పక్కకు జరిపింది.

"ఈడ సొట్ట పడింది పెద్దాయనా. గుమ్మడికాయ పడేసింది నేనే" అంది. ఆ తర్వాత ఛాతీ విరిచి, "తీసింది గూడా నేనే!" అంది.