మేలిముసుగు మీద వేలిముద్రలు

"ఈ వేళ్ళు ఎవరివి?"

రూతమ్మగారి గొంతు లేవలేదు. గట్టిగా అరిచేసినా బాగుండేదనిపించింది తులసికి! కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని, కూతురి పెళ్ళి ముసుగును ఎడంచేత్తో వెలుతురుకు ఎత్తి పట్టుకుందామె. మంచుపొరలాంటి తెల్లటి పట్టు షిఫాన్... దాని మీద, ఒక చివరగా, నూనె మరకలు. చూస్తే చెయ్యి అచ్చు గుద్దినట్టే ఉంది!

ఎల్లుండి పొద్దున్న చర్చిలో జాయ్సీ పెళ్ళి.

"అయిపోయింది! అంతా అయిపోయింది!" అని జాయ్సీ మంచం మీద కూలబడింది. "ఏలూరులో కుట్టించేద్దామమ్మా అని మొత్తుకున్నాను. విన్నావా? ఇప్పుడు నేను ఏం వేసుకుని వెళ్ళాలి, దోమతెరా?"

తులసి గుమ్మంలోనే నిలబడిపోయింది. అబద్ధం ఆడొచ్చు. ఇంటినిండా చుట్టాల పిల్లలు తిరుగుతున్నారు. కానీ...

"నేనేనండీ, అత్తయ్యగారూ."

తాడేపల్లిగూడెంలో సన్నగుడ్డ కుట్టాలంటే రూతమ్మగారే కుట్టాలి. కత్తెర కింద జారిపోయే షిఫాను, మిషను తన సూది దిగే కన్నంలోకి లాగేసుకునే జార్జెట్టు ఆమె చేతిలో పడితే బుద్ధిగా ఉండేవి. గుడ్డ కింద పల్చటి తెల్లకాగితం వేసి రెండూ కలిపి కుట్టి, తర్వాత కాగితాన్ని చింపేసేది. గుడ్డకు కుట్టు తగిలిన సంగతే తెలిసేది కాదు! కానీ పెళ్ళి ముసుగు అంచుకు మాత్రం మిషను తగలనిచ్చేది కాదు. ఆ ఇంట్లో పెళ్ళికూతురి ముసుగు అంచును తల్లే చేత్తో చుట్టి కుట్టాలి. రూతమ్మగారికి వాళ్ళమ్మ కుట్టింది. ఆ అమ్మకు వాళ్ళమ్మ. కానీ పోయినేడాది పక్షవాతం వచ్చి ఆమె కుడిచెయ్యి పడిపోయింది. "వచ్చేస్తుందిలే చెయ్యి... పెళ్ళినాటికి వచ్చేస్తుంది" అంటూ ఆమె రోజులు వాయిదా వేస్తూనే వచ్చింది. ముసుగు అంచు అలాగే, కుట్టు లేకుండా ఉండిపోయింది.

తులసిది కొల్లేటి లంక. చిన్నప్పటి నుంచీ రొయ్యల షెడ్డులో ఐసుగడ్డల మధ్య పెంకులు ఒలిచిన చేతులు ఆమెవి. రూతమ్మగారి కొడుకు ఆనంద్ పాల్‌ను ప్రేమించి, ఏలూరు రిజిస్ట్రారు ఆఫీసులో సంతకం పెట్టి వచ్చింది. బాసికం లేదు, పందిరి లేదు, ముసుగూ లేదు! కాపురానికి వచ్చిన కొత్తలో బల్లమీది ఆర్గంజా చీరను ముచ్చటపడి నిమిరితే, గరుకు వేళ్ళకు తగిలి దారాలు లేచిపోయాయి. "ముతకవి కుట్టమ్మా. నీ చేతికి సన్నగుడ్డ నిలవదు" అంది రూతమ్మగారు. కోపంగా కూడా కాదు... ఉన్న మాట చెప్పినట్టు! ఆ మాట తులసి గుండెలో సూదిలా ఉండిపోయింది. అప్పట్నుంచీ లంగాలు, దిండుగలీబులు, బడిపిల్లల యూనిఫారాలు... అంతే.

"ఎందుకు ముట్టుకున్నావ్?" అంది రూతమ్మగారు.

"ఫ్యాను గాలికి బల్లమీద నుంచి జారిపోతోందండీ. కింద పడకుండా పట్టుకున్నాను..." తులసి చేతులు వెనక్కి దాచుకుంది. "పట్టుకున్నాక... వదలబుద్ధి కాలేదండీ!"

జాయ్సీ ఏదో అనబోయింది. రూతమ్మగారు కళ్ళతోనే ఆపింది. ముసుగును ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. ఒకసారి వాసన చూసింది. మళ్ళీ చూసింది. ఆమె ముఖం మారిపోయింది.

కర్పూరం వేసి కాచిన కొబ్బరినూనె! పొద్దున్నే తన చచ్చుబడిన చేతికి కోడలు రుద్దే నూనె!

"ఇది నా నూనె కదూ?"

"అవునండీ. మీ చెయ్యి రుద్దాక మిగిలింది నా అరచేతులకు పూసుకుంటానండీ... రోజూను. మెత్తబడతాయేమోనని... మీరన్నారు కదండీ, సన్నగుడ్డ నిలవదని..."

రూతమ్మగారు కోడలి చేతిని లాక్కుని అరచెయ్యి తిప్పి చూసింది. తనకు గంజి తాగించిన చెయ్యి. తల దువ్విన చెయ్యి. పక్కగుడ్డలు ముఖం చిట్లించకుండా మార్చిన చెయ్యి... ఇన్నాళ్ళూ ఈ చేతి మీదే బతికి, ఈ చేతిని ఒక్కసారీ చూడలేదే!

"ఒరేయ్ ఆనంద్! పౌడరు డబ్బా తీసుకురా. పంచదార, నిమ్మకాయ కూడా!"

"షర్బత్తా అమ్మా?" అంటూ తల దూర్చాడు ఆనంద్ పాల్. "ఇక్కడ ఏడుపులు వినిపిస్తుంటే..."

"నీ మొహంలా ఉంది. తెమ్మన్నది తే!"

మరకల కింద కాగితం పరిచి, పైన పౌడరు కప్పింది. నూనె పీల్చుకున్న పొడిని మెత్తటి బ్రష్షుతో దులపడం, కొత్త పొడి చల్లడం... ఎండ గోడ దిగేదాకా అదే పని. ఈలోపు పంచదారలో నిమ్మరసం పిండి తులసి వేళ్ళను తన ఎడంచేత్తో ఒక్కొక్కటిగా రుద్దింది రూతమ్మగారు. తులసి బొమ్మలా కూర్చుంది. అత్తగారు తన చేతులు కడుగుతోంది! కల కాదు కదా?

"నూనె రాస్తే గరుకు మెత్తబడుతుందే గానీ పోదే, పిచ్చిదానా. రుద్దితే పోతుంది... నన్ను అడగొచ్చుగా?"

"భయమండీ."

"గాజులు దారాలు లాగేస్తాయి. తియ్యక్కర్లేదులే, నీకు పట్టింపు." గాజులు పైకి తోసి, రుమాలు చుట్టి, ఎడంచేత్తో ఒక కొస, పళ్ళతో ఒక కొస పట్టుకుని ముడేసింది. "ఊఁ, సన్నసూది అందుకో."

"నేనాండీ!"

"మరి నాకేదీ కుడిచెయ్యి?"

అత్తగారి ఎడమ బొటనవేలు అంచును తడిపి, చూపుడువేలి మీద వెంట్రుకంత సన్నంగా చుడుతోంది. కోడలి కుడిచెయ్యి ఒక్క పోగును మాత్రం సూదిమొనతో అందుకుంటోంది. ఇద్దరాడవాళ్ళు... ఒకే మనిషి రెండు చేతుల్లా!

"బిగబట్టకు. గుడ్డ నీకంటే పిరికిది. లాగితే ముడుచుకుపోతుంది... వదులుగా పోనీ. హా, అలా!"

తులసి వంగి చూసింది. తన సూది కింద కుట్టు కనిపించడం లేదు! తెల్లవారుజామున కొల్లేటిలో నీళ్ళెక్కడ ఆగాయో, మంచెక్కడ మొదలైందో తెలియనట్టు... అంచు ఎక్కడ ముగిసిందో తెలియకుండా గుడ్డ గాలిలో కలిసిపోతోంది. ఈ చేతులేనా? పెంకులు ఒలిచిన ఈ చేతులేనా?

మర్నాడు సాయంత్రానికి చివరి మూల మిగిలింది. మిగతా మరకలన్నీ పోయాయి. అంచు దగ్గర బొటనవేలి ముద్ర మాత్రం లీలగా ఉండిపోయింది.

"అయ్యో, ఇది పోలేదండీ!"

"పోనక్కర్లేదు," అంది రూతమ్మగారు. ఆ ముద్రను అంచు లోపలికి చుట్టేసింది. "లోపలుండనీ. ఇకమీద ఈ ఇంట్లో ఎవరు పెళ్ళికూతురైనా ఇది వేసుకునే వెళ్తుంది."

తులసి కళ్ళను నీళ్ళు కమ్మాయి. గుడ్డ మీద పడతాయేమోనని గబుక్కున ముఖం తిప్పుకుంది.

"ముసుగు వాలు చూడాలి. ఇలా వంగు," అంది కోడలితో.

"నా తల ఉందిగా అమ్మా!" అంది జాయ్సీ.

"నీకు రేపెలాగూ ఉంది. దీనికి పెళ్ళినాడు ముసుగు వేసినవాళ్ళు లేరు."

జాయ్సీ తనే లేచి వచ్చి, ముసుగు రెండో కొస పట్టుకుని, వదిన నొసటి బొట్టు చెరగకుండా జాగ్రత్తగా పరిచింది. "వదినా... ఎంత బాగున్నావో తెలుసా!" ఆనంద్ పాల్ గుమ్మంలో కాఫీ గ్లాసు పట్టుకుని, తాగడం మరిచి చూస్తున్నాడు.

బరువే లేదు! తల మీద ఏదో ఉన్నట్టే లేదు. ముసుగులోంచి గది, మిషను, అత్తగారి ముఖం... అన్నీ తెల్లగా, కొత్తగా. తులసి చేతులు అలవాటు కొద్దీ వెనక్కి దాక్కున్నాయి. ముట్టుకుంటే ఏమవుతుందో అన్నట్టు.

రూతమ్మగారు ఆ చేతిని ముందుకు లాగి, ముసుగు అంచును అందులో పెట్టింది.

"పట్టుకోవే... పట్టుకో! నీ చేతికి నిలుస్తుంది."