ముప్పై రెండు డాక్యుమెంట్స్

"పన్నెండు గంటలకు కావ్య బయటికొస్తుంది," అన్నాడు చీఫ్ వెంకటరమణ ఫోన్‌లో. "కుందలహళ్ళి మెట్రో స్టేషన్ కింద టిఫిన్ సెంటర్. మూడు నెలలుగా ఆ విదేశీ ముఠాలో మన మనిషిగా ఉండి వస్తోంది. చేతిలో ఫోన్ కూడా ఉండదు. కోడ్ ఎవరు చెప్తే వాళ్ళ కారెక్కుతుంది."

"కోడ్?"

"'గొడుగు తెచ్చారా?' జవాబు, 'మొన్న బస్సులో మర్చిపోయాను.'"

"ఎస్కార్ట్?"

"ఆశ. నువ్వే కదా పూచీ పడ్డావు?"

ఏజెంట్ 27 హేమంత్‌కుమార్ గర్వంగా మీసం సవరించుకున్నాడు. ఆశ డిపార్ట్‌మెంట్‌లోకెల్లా అందగత్తె, ధైర్యస్థురాలు. నిన్ననే వైట్‌ఫీల్డ్‌లో ముఠా వాళ్ళ పార్టీకి పాటగత్తె వేషంలో వెళ్ళి, వాళ్ళ సర్వర్ కాపీ ఉన్న పెన్‌డ్రైవ్ కొట్టుకొచ్చింది. నల్లకళ్ళద్దాలు తీసి నవ్వుతూ దాన్ని అతని అరచేతిలో పెట్టినప్పుడు, ఆమె కోసం ఎన్ని పూచీలైనా పడొచ్చనిపించింది.

"విను. మనలో ఎవరో వాళ్ళకు అమ్ముడుపోయారు. ముఠాకు పనిచేసే వాళ్ళలో ఒక్కొక్కరి పేరుతో ఆ డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ ఉంది. ఆ ద్రోహి ఎవరో పన్నెండులోపు తేలకపోతే కావ్యను ఎవరి చేతిలో పెడుతున్నామో మనకే తెలియదు. తప్పు చేతిలో పడితే ఆ పిల్ల శవం కూడా దొరకదు. ఈ ఒక్క లైన్ తప్ప మన ఫోన్లన్నీ ఎవరో వింటున్నారు. అందుకే పన్నెండు దాకా అందరి ఫోన్లూ స్విచాఫ్. సరిగ్గా పన్నెండుకు నా మనుషులు అక్కడ దిగుతారు. ఓవర్."

టైమ్ పదిన్నర. స్థలం కాడుగోడి, ఒక జిరాక్స్ షాపు మీది గది. చుట్టుపక్కల వాళ్ళ లెక్కలో హేమంత్ ఓ ఇన్సూరెన్స్ ఏజెంట్. అతని బూటులో కత్తి ఉంది, పెన్నులో కెమెరా ఉంది, నడుముకు పిస్టల్ ఉంది. తాడు మీద నుంచి, రైలు మీద నుంచి, ఓసారి హెలికాప్టర్ మీద నుంచి కూడా దూకిన మనిషి.

పెన్‌డ్రైవ్ లాప్‌టాప్‌కు పెట్టాడు.

ముప్పై రెండు ఫోల్డర్లు. ముప్పై రెండింటి పేరూ ఒకటే. డాక్యుమెంట్స్, డాక్యుమెంట్స్, డాక్యుమెంట్స్.

ఒకదాన్ని తెరిచాడు. లోపలి ఫైళ్ళన్నిటికీ పాస్‌వర్డ్. ఇంకోటి తెరిచాడు, అంతే. రిఫ్రెష్ కొట్టాడు. రీస్టార్ట్ చేశాడు. భాష మార్చాడు. రెండో లాప్‌టాప్‌కు పెట్టాడు. అదీ డాక్యుమెంట్సే అంది. ఒకే చోట ఒకే పేరుతో ముప్పై రెండు ఫోల్డర్లు ఎలా ఉంటాయో ఆ మహావీరుడికి అంతుబట్టలేదు. ఢిల్లీ సైబర్ సెక్షన్‌కు రహస్య లైన్లో మెసేజ్ పెట్టాడు. జవాబు వెంటనే వచ్చింది: "విదేశీ సైఫర్. ఛేదించడానికి నలభై ఎనిమిది గంటలు."

చేతిలో ఉన్నది గంట. హేమంత్‌కు ఏడుపొచ్చినంత పనైంది. ఎదురుగా పదిమంది వస్తే కొట్టగలడు. ఈ డబ్బాను ఎక్కడని కొడతాడు? కావ్యకు ఈ పని నేర్పింది తనే. "కోడ్ చెప్పిన వాళ్ళను అనుమానించకు" అని పాఠం చెప్పిందీ తనే.

పదకొండూ పదికి కరెంటు పోయింది. రెండు లాప్‌టాప్‌లలోనూ బ్యాటరీ మూడు శాతం. అదీ అయిపోయింది.

"ఏమప్పా హేమంతూ!" కింద నుంచి షాపు ఓనరు పుష్పావతి కేక. "కరెంటు పోయింది. ఏమన్నా పని ఉంటే కిందికి రా. నా అంగట్లో యూపీఎస్ ఉండాది."

వేరే దారి లేదు. లాప్‌టాప్ చంకన పెట్టుకుని దిగాడు. యాభై దాటిన పుష్పావతి కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని జిరాక్స్ మెషిన్‌లో కాగితాలు సర్దుతోంది. హేమంత్ లాప్‌టాప్‌ను యూపీఎస్‌కు తగిలించి స్క్రీన్‌కు చెయ్యి అడ్డం పెట్టాడు.

"చూడకు పుష్పక్కా. సీక్రెట్."

"సీక్రెట్ ఏముండాదప్పా? అన్నీ డాక్యుమెంట్సే కదా!" ఆమె అతని చెయ్యి పక్కకు తోసి చూసింది. "ఓ, ఇదా! పోయినేడు నాకూ ఇట్లే అయింది. గిరాకీల పెన్‌డ్రైవ్‌లన్నీ నా సిస్టమ్‌లో వేసుకొని, ఒక్కొక్కరి పేరుతో ఫోల్డర్ పెట్టినా. తెల్లారి చూస్తే అందరూ డాక్యుమెంట్సే! చెన్నరాయప్ప గృహప్రవేశం కార్డు అడిగితే, కదిరమ్మ వైకుంఠ సమారాధన కార్డు నూరు కాపీలు కొట్టిచ్చినా. ఆయప్ప ఇప్పుటికీ నాతో మాట్లాడడు."

"అక్కా, ఇది సైఫర్..."

"సైఫరూ లేదు, ఏమీ లేదు. మాట్లాడకుండా సుమ్మనే ఉండు. డాక్యుమెంట్స్ ఫోల్డర్‌ని అట్లే ఎత్తుకొచ్చి పెడితే, దాని లోపల ఒక చిన్న ఫైలు దాక్కోని వస్తాది. నా అసలు పేరు ఏదైనా సరే, నన్ను డాక్యుమెంట్స్ అని చూపించు అంటాది. ఈ కిటికీ దాని మాట నమ్ముతాది. నల్ల కిటికీ నమ్మదు."

ఆమె ఓ నల్ల విండో తెరిచి, డ్రైవ్ పేరు కొట్టి, 'dir' అని మూడక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కింది.

ముప్పై రెండు పేర్లు టపటపా పడ్డాయి. హేమంత్ వేలు పెట్టి చదువుతూ దిగాడు. పందొమ్మిదో పేరు దగ్గర వేలు ఆగిపోయింది. ఆశ. పక్కనే ఆమె డిపార్ట్‌మెంట్ నంబరు.

ఆమె తెరిచి చూసుకునే ఉంటుంది. అన్నీ డాక్యుమెంట్సే కనబడేసరికి, ఇందులో తన పేరు లేదనుకుని నిశ్చింతగా తెచ్చి ఇచ్చింది. కావ్యకు ఎస్కార్ట్ అయ్యే నమ్మకం అలా సంపాదించింది. ఆ నమ్మకానికి సంతకం పెట్టిన మూర్ఖుడు తను. సిగ్గుతో అతని చెవులు మండిపోయాయి.

టైమ్ పదకొండూ ఇరవై ఎనిమిది. చీఫ్ ఫోన్ స్విచాఫ్. బుల్లెట్‌ప్రూఫ్ కారు బయటే ఉంది, దాని ముందు ట్రాఫిక్ కాడుగోడి నుంచి కనుచూపు మేర కదలకుండా ఉంది.

"మెట్రోలో పో అప్పా," అంది పుష్పావతి, ప్రింటు తీసి ఆ పేరు చుట్టూ ఎర్ర పెన్నుతో గుండ్రం గీస్తూ.

మెట్రోలో స్కానర్ ఉంటుంది. డిపార్ట్‌మెంట్ కార్డు చూపిస్తే పదిమందికి ఫోన్లు పోతాయి. పిస్టల్, పెన్ను, బూట్లు ఆమె బల్ల మీద పెట్టాడు. పుష్పావతి ఏమీ అడగకుండా వాటిని ఏ-ఫోర్ కాగితాల డ్రాలో పెట్టి తాళం వేసింది. అతను ఆమె హవాయి చెప్పులేసుకుని పరిగెత్తాడు.

రైల్లో చేయగలిగింది ఏమీ లేదు. ప్రతి స్టేషన్‌లో తలుపులు తీరిగ్గా తెరుచుకుని తీరిగ్గా మూసుకున్నాయి. అంత నిస్సహాయంగా అతను ఏ శత్రువు ముందూ నిలబడలేదు.

పదకొండూ యాభై ఏడు. టిఫిన్ సెంటర్ ముందు నిలబడి తినే బల్ల దగ్గర కావ్య, ఎదురుగా ఆశ.

"గొడుగు తెచ్చారా?"

"మొన్న బస్సులో మర్చిపోయాను," అంది కావ్య. మూడు నెలల తర్వాత మొదటిసారి నవ్వింది.

రోడ్డు పక్కన నల్ల కారు, లోపల ఇద్దరు. కేక వేస్తే కాల్చేస్తారు. హేమంత్ పక్క బల్ల మీది తుడుపు గుడ్డ అందుకుని తల వంచి బల్ల తుడుస్తూ వచ్చాడు. బల్లలు తుడిచేవాడి మొహం ఈ ఊళ్ళో ఎవరు చూస్తారు? ఆశా చూడలేదు. కావ్య కాఫీ గ్లాసు ఎత్తి, దాని కింద కాగితం పరిచి వెళ్ళిపోయాడు.

తనకు తెలిసిన ముఠా పేర్ల మధ్య ఉన్న ఎర్ర గుండ్రం మీద కావ్య చూపు పడింది.

"వెళ్దామా?" అంది ఆశ, హ్యాండ్‌బ్యాగ్‌లో చెయ్యి పెడుతూ.

"కాఫీ తాగి," అంది కావ్య. మరుక్షణం ఆ వేడి కాఫీ ఆశ చేతి మీద పడింది. చిన్న పిస్టల్ నేల మీద పడింది. ఆశ చెయ్యి వెనక్కి విరిగి మొహం బల్లకు అంటుకుంది. కారులోని ఇద్దరూ తలుపు తెరిచేలోపు పన్నెండైంది, చీఫ్ జీపులు ముందూ వెనకా అడ్డం పడ్డాయి.

"అందులో పేర్లు లేవు!" అని అరిచింది ఆశ. "నేనే చూశాను. అన్నీ డాక్యుమెంట్సే!"

"పుష్పక్క షాపులో ఓసారి చూపించుకోవాల్సింది మేడమ్," అన్నాడు హేమంత్.

కావ్య అతని కాళ్ళకేసి చూసింది. ఆ గులాబీ రంగు హవాయి చెప్పుల సంగతి ఆమె అడగలేదు, ఏడుస్తూ అతని భుజం మీద తల పెట్టుకుంది.

రెండు రోజుల తర్వాత, సరిగ్గా నలభై ఎనిమిది గంటలకు, ఢిల్లీ నుంచి అతి రహస్యం అన్న ముద్రతో మెసేజ్ వచ్చింది: "అభినందనలు. సైఫర్ ఛేదించాం. ముప్పై రెండింటికీ ఒకటే అర్థం. డాక్యుమెంట్స్."