చింతపిక్కల లెక్క

పొద్దున ఏడున్నరకు చిలుంగా ఊరి బడిలో ఇరవై నలుగురు పిల్లలు నుదుటికి దారాలు కట్టుకుని బారుగా కూర్చున్నారు. పలకల్లేవు, పుస్తకాల్లేవు. నల్లబల్ల మీద నిన్న ఎవరో గీసిన చేప బొమ్మ తప్ప ఏమీ లేదు. ఎదురుగా పీట మీద ఓబులేసు, అతని నుదుటికీ ఒక దారం, కళ్ళు మూసుకుని ఉన్నాడు. చూసేవాళ్ళకు భజన మొదలవబోతున్నట్టు ఉంటుంది గానీ, మొదలయ్యేది భిన్నాల పాఠం.

ఆ దారాన్ని నేర్పుదారం అంటారు. పుస్తకం చదివితే విషయం తెలుస్తుంది. కానీ 'ఓహో, ఇదా సంగతి' అని బుర్ర వెలిగే క్షణం ఒకటుంటుంది చూడండి, అది పుస్తకంలో దొరకదు. నేర్చుకున్నవాడి తలలోనే ఉంటుంది. ఆ క్షణాన్ని తలుచుకున్నప్పుడు మెదడులో పుట్టే న్యూరల్ ప్యాటర్న్‌ను తెలుగువాళ్ళు స్మృతి అల్లిక అన్నారు. దారంలోని సెన్సర్లు ఆ అల్లికను పట్టుకుని ఎదుటివాళ్ళ తలల్లో అచ్చం అలాగే నేస్తాయి. అయ్యవారు తాను నేర్చుకున్న సంగతి తలుచుకుంటే చాలు, పిల్లలకు అది తమకే తట్టినట్టుంటుంది.

చిక్కల్లా, తలుచుకోవడం యంత్రానికి చేతకాదు. తెలియక తడుముకున్న రోజు దానికి ఎప్పుడూ లేదు మరి. పైగా దారం పది బారల దూరం దాటితే పనిచేయదు. కాబట్టి మనిషే వచ్చి ఎదురుగా కూర్చోవాలి. 2081 నాటికి భూగోళ సేవాదళం వాళ్ళు అలాంటి మనుషులను దేశదేశాలకు పంపుతున్నారు. అలా మలావి సరస్సు ఒడ్డుకు వచ్చినవాడే హిందూపురం పక్క పల్లె ఓబులేసు. వయసు నలభై నాలుగు. పొద్దున బడి, మధ్యాహ్నం నుంచి ఊరి ముసలివాళ్ళ సేవ. గోళ్ళు తీసేవాడు, వాచిన కాళ్ళకు నూనె రాసేవాడు, చూపు ఆననివాళ్ళకు చేపల్లో ముళ్ళు తీసి పెట్టేవాడు. వాళ్ళు పెట్టే ఎన్సిమా ముద్ద అచ్చం మన సంకటిలాగే ఉంటుందని రెండు చేతులా తినేవాడు. ఎవరైనా పొగిడితే మాత్రం నేలచూపులు చూసేవాడు. వినయమనుకునేవారు.

భిన్నాల పాఠాన్ని రెండేళ్ళుగా వాయిదా వేస్తూ వచ్చాడు. ఇక తప్పక ఆ రోజు తలుచుకున్నాడు. బడి మెట్టు మీద చింతపిక్కలు. వాటిని జరుపుతున్న ఒక పాప వేళ్ళు. "ఇవి పన్నెండు. మూడు వాటాలు చెయ్. అందులో రెండు తీసుకో. నీ కాడ ఎన్నుండాయి? ఎనిమిది. అదేరా పన్నెండులో మూడింట రెండు!" అతని బుర్ర వెలిగింది. ఇరవై నాలుగు బుర్రలూ వెలిగాయి. ఆ సాయంత్రం పరీక్షలో ఒక్కరూ తప్పలేదు.

మూడో రోజు అగోగో వచ్చింది. అగోగో అంటే అక్కడి మాటలో అవ్వ; ఊరికి పెద్ద ఆవిడే. కర్ర నేలకు కొట్టి వాకిట్లోనే నిలబడింది. ఓబులేసు చెవిలో ఉన్న అనువాద గింజకు మొదట్లోనే ఎవరో సరదాకు హిందూపురం యాస నేర్పారు. అందుకని అవ్వ తిట్టినా పక్కింటావిడ తిట్టినట్టే ఉండేది.

"ఏమప్పా అయ్యవారూ, మా పిల్లకు ఏం నేర్పినావు? లెక్కలు నేర్పమంటే ఏడుపు నేర్పితివా?"

"ఏమైందవ్వా?"

"మూడు దినాలాయ, మా మనమరాలు తియామికె ముద్ద ముట్టదు. పెడితే పక్కింటోళ్ళకు ఇచ్చి వస్తాంది. ఏమే అంటే 'తప్పు చేసినా' అంటాది. ఏం తప్పే అంటే తెలీదంటాది. ఒక్క మా ఇంట్లోనే అయితే దిష్టి తీసి ఊరుకుందును. ఇరవై నాలుగిండ్లలో ఇదే కత!"

అవ్వ వెళ్ళాక ఓబులేసు షంషాద్ దగ్గరికి నడిచాడు. షంషాద్‌ది కదిరి. మెదడు ఇంజనీరు. ఊరి వైద్యశాలా, నేర్పుదారాలూ రెండూ ఆవిడ చేతి కిందే. నోరు కాస్త ఎక్కువ. అనువాద గింజకు యాస నేర్పింది కూడా ఆవిడే. అప్పటికే తెర మీద పిల్లల అల్లికలు పరిచి చూస్తోంది.

"అన్నా, దారంలో భయానికి వడపోత ఉంది, నొప్పికి ఉంది. తప్పు చేసిన బాధకు మాత్రం లేదు. తయారుచేసినోళ్ళు ఆ గడే పెట్టలేదు. సేవకొచ్చేవాళ్ళంతా మంచోళ్ళే ఉంటారనుకున్నారేమో," అంటూ నవ్వింది. అతను నవ్వకపోయేసరికి ఆపేసింది.

"యంత్రం చెడిపోయుంటుంది. పైకి రాసి పంపించు," అన్నాడు ఓబులేసు.

"రాస్తాలే. ముందు నేను చూడల్ల కదా."

వద్దనేలోపు పాఠం అల్లికను తన నుదుటి దారంలోకి దింపుకుంది. కాసేపు పెదవులు కదిపి లెక్క వేసుకుంది. తర్వాత ముఖం మారింది. 

"ఒక పాప గేటు కాడ నిల్చుకోనుంది. రెండు జడలు, తెల్ల రిబ్బన్లు. గేటు మూసుంది. ఎవరన్నా ఆ పాప?"

"నాకేం తెలుసు."

"నా కడుపులో రాయి పడినట్టుంది. రాయి నీది. తెలీదంటావే!"

 షంషాద్ ఆ మధ్యాహ్నమంతా కొత్త వడపోత అల్లి, తన మీదే పరీక్షించుకుంది. కడుపులో రాయి పోయింది. దానితోపాటు లెక్కా పోయింది. పన్నెండు పిక్కలు ముందు పెట్టుకుని మూడింట రెండెంతో తేల్చుకోలేక వెర్రిచూపులు చూసింది.

"రెండూ ఒకే పోగన్నా. లెక్క చేసినప్పుడల్లా నీకు ఆ పాప గుర్తొచ్చినట్టుంది, ఎన్నేండ్ల నుంచో. ఇప్పుడు ఆ పోగు లాగితే లెక్కా ఊడొస్తాంది. పిల్లోల్ల తలల్లోంచి తీసేయమంటే తీసేస్తా. భిన్నాలు మళ్ళీ వేరేవాళ్ళు నేర్పచ్చు."

"తీసేయ్," అన్నాడు ఓబులేసు. అంత తొందరగా అన్నందుకు అతనికే సిగ్గేసింది.

మరుసటి పొద్దున ఆ సంగతి చెప్పడానికి బడికి వెళ్ళాడు. పిల్లలు అతని కంటే ముందే వచ్చి ఉన్నారు. నల్లబల్ల మీద చేప లేదు. రెండు జడల పాప ఉంది, మూసిన గేటు ఉంది, మెట్టు మీద పిక్కలున్నాయి. ఒకరికి రిబ్బన్లు గుర్తున్నాయి, ఒకరికి గేటు తాళం గుర్తుంది. అందరూ తలా ముక్క అతికించి పూర్తి బొమ్మ గీశారు. చేయాల్సిన తీర్మానమూ చేసేశారు.

తియామికె లేచి నిలబడింది. పదేళ్ళ పిల్ల, ముఖం వాడిపోయి ఉంది.

"అయ్యవారూ, ఈ యమ్మను మేము లోపలికి పోనీకుండా చేసినాము. ఎందుకు చేసినామో తెలీదు. చేసిందైతే నిజం. తప్పయిందని చెప్పల్ల. ఈ యమ్మ యాడుంటాది?"

"షంషాదక్క దారంతో దీన్ని తీసేస్తుంది. మీకు గుర్తుండదు. హాయిగా ఉంటారు."

ఇరవై నలుగురూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

"మాకు హాయిగా ఉంటాది," అంది తియామికె. "ఆ యమ్మ గేటు కాడే ఉంటాది కదా?"

ఓబులేసు పీట మీద కూలబడ్డాడు. 

"తప్పు మీది కాదు. నాది."

చెప్పాడు. ఆ పాప పేరు సుంకమ్మ. అతనికీ ఆమెకీ పదకొండేళ్ళు. వసతి బడిలో ఊరికి ఒక్క సీటు. పరీక్ష మధ్యాహ్నం రెండుకు అనుకున్నది పొద్దున తొమ్మిదికి మారింది. ఆ వారం గాలివానకు సెల్ టవరు కూలిపోయి ఫోన్లు లేవు. "సుంకమ్మకు చెప్పి పోరా," అని వాళ్ళ అయ్యవారు అతనికి అప్పగించాడు. సుంకమ్మ రాస్తే సీటు సుంకమ్మదే. అతనికి లెక్కలు నేర్పిందే ఆమె. అతను చెప్పలేదు. మరునాడు పొద్దున పరీక్ష రాసి, మధ్యాహ్నం సీటు చేతికొచ్చి ఇంటికి వస్తుంటే, రెండు జడలు వేసుకుని మూసిన బడి గేటు ముందు సుంకమ్మ నిలబడి ఉంది.

ఒక్క మాట మాత్రం పిల్లలకు కూడా చెప్పకుండా మింగేశాడు.

"ఇప్పుడు ఆ యమ్మ ఏం చేస్తాంది?" అని అడిగారు పిల్లలు.

"చింతపండు కొడుతుంది. పిక్కలు తీసే పని. మా ఇంటి నుంచి మూడు వీధుల అవతల ఇల్లు."

"మూడు వీధులేనా?" అంది వెనక నుంచి ఒక పిల్ల. "మరి ఇంత దూరం ఎందుకొచ్చినావు అయ్యవారూ?"

వెటకారం కాదు. నిజంగానే అర్థం కాక అడిగింది. 

ఆ సాయంత్రమే షంషాద్ తెర కలిపింది. అటువైపు సుంకమ్మ వాకిట్లో కూర్చుని ఉంది. తల సగం నెరిసింది. చేతిలో చింతపండు కొట్టే చెక్క సుత్తి. పిల్లలు వరసగా వచ్చి, పొద్దంతా వల్లెవేసిన తెలుగు మాటలు ఒక్కొక్కరే చెప్పారు. "అక్కా, తప్పయింది." ఇరవై నాలుగు సార్లు.

"ఎవురప్పా ఈ పిల్లోల్లు? నాకేం చేసినారు పాపం?" సుంకమ్మ నవ్వింది. వాళ్ళ వెనక నుంచి ఓబులేసు ముందుకు రాగానే నవ్వు ఆగింది. అతను తలొంచుకుని, పిల్లలకు చెప్పినదంతా చెప్పాడు. ఆమె సుత్తి పక్కన పెట్టింది.

"అయ్యవారు అడిగితే 'వాళ్ళమ్మకు చెప్పినా సార్' అంటివంట?"

పిల్లల దగ్గర మింగేసిన మాట అదే.

"అన్న్యా," అన్నాడు.

"మా యమ్మ ఒట్టు పెట్టుకోని చెప్పె, టైము మారిందని నాకెవురూ చెప్పలేదే అని. నేను నమ్మలే. నేను సదువుకు పోతే పిక్కలు తీసే చెయ్యి ఒకటి తగ్గుతాదని కావాల్నే దాచిపెట్టింది అనుకున్న్యా. ముప్పై రెండేండ్లు ఒక ఇంట్లోనే ఉన్న్యాం. అన్నం పెట్టిన్యా, నీళ్ళు పోసిన్యా. ముఖం చూసి మాట్లాడలే. పోయినేడు సచ్చిపాయ."

 తను దొంగిలించింది ఒక్క సీటే అనుకుంటూ వచ్చాడు ఓబులేసు ఇన్నేళ్ళూ.

"ఆ పొద్దు మా ఇంటికాడికి వచ్చినావా, అసలు రానేలేదా?"

"వచ్చినా. మీ యమ్మ ఇదే వాకిట్లో ఉండె. పరీక్ష ఎన్ని గంటలకప్పా అని అడిగె. మధ్యానం రెండుకన్న్యా. అయితే బాగా తల దువ్వి పంపిస్తాలే అనె."

"నవ్వుతా అనెనా?"

"నవ్వుతానే అనె."

సుంకమ్మ అటు తిరిగి కూర్చుంది. ఇటు తిరిగినప్పుడు ముందుగా పిల్లల వంక చూసింది. "మీ తప్పేం లేదు నాయనా. పోయి ముద్ద తినండి. లెక్క బాగా వచ్చెనా? మరి రాదా, నేను చెప్పిన లెక్క." తర్వాత ఓబులేసుతో అంది: "ఆ దారం తీసుకోని రా. మా యమ్మ నవ్వింది నేను చూడల్ల."

ఆ రాత్రి పిల్లలు తిన్నారని అవ్వ కబురు పంపింది. రాయి పూర్తిగా పోలేదట. మొయ్యగలిగేంత అయిందట.

వారం తిరక్కుండా ఓబులేసు ఊళ్ళో దిగాడు. ఇంటికి కూడా పోకుండా మూడు వీధులు నడిచాడు.  సముద్రం దాటిన రోజున ఇంత భయం వేయలేదు. సుంకమ్మ చాప వేసింది. ఎదురెదురుగా కూర్చున్నారు. ఓబులేసు ఒక దారం తన నుదుటికి కట్టుకుని, రెండోది ఆమె ముందు పెట్టాడు.

"దీంట్లో ఒక చిక్కుండాది సుంకమ్మా. ఏరడానికి లేదు. మీ యమ్మ కావాలంటే ఆ పొద్దు నేను చేసిందీ నీకు వస్తాది. నువ్వే చేసినట్టు ఉంటాది. తర్వాత తీసేద్దామంటే మీ యమ్మా పోతాది."

"అంటే నీ పాపం నేను మొయ్యల్ల."

"అవును."

"నువ్వు అడగవు. అడిగే ముఖం నీకు లేదు. నాకే కావాల," అని సుంకమ్మ దారాన్ని నెరిసిన జుట్టు మీదుగా తనే కట్టుకుంది. "కండ్లు మూసుకో."

ఓబులేసు కళ్ళు మూసుకున్నాడు. సాయంత్రపు ఎండ. ఇదే వాకిలి. చింతపండు రాశి వెనక నుంచి ఒకావిడ తలెత్తింది. చెమట కొంగుతో తుడుచుకుని, ఆశగా అడిగింది. మా పాప పరీక్ష ఎన్ని గంటలకప్పా?

అతను పెదవి కదపలేదు. ఎదురుగా చాప మీద నుంచి సుంకమ్మ గొంతు వినిపించింది. పదకొండేళ్ళ పిల్లవాడి తడబాటుతో, తన అమ్మ ముఖంలోకే చూస్తూ చెబుతున్నట్టు, ఆమె అంది:

"మధ్యానం రెండుకు."

అతను ఉలిక్కిపడి కళ్ళు తెరిచాడు. సుంకమ్మ కళ్ళు మూసుకునే ఉంది, చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. అమ్మ నవ్విందేమో, ఆమె ముఖమూ నవ్వింది. కుడిచెయ్యి మెల్లగా లేచి, తల వెనక్కి పోయి, అక్కడ లేని రెండు జడల కోసం తడుముకుంటోంది.