రెండు షిఫ్టుల నడుమ పావుగంట

"మీ యాప్ వచ్చినప్పటి సంది నాకు అన్నం సయిస్తలేదు మేడం!" అన్నాడు జయంత్, ఫ్యాక్టరీ గేటు దగ్గర బండి ఆపుతూనే.

"యాప్‌కు, నీ అన్నానికి ఏం సంబంధం?" అంది నిషిత, బస్సు మెట్టు మీద నుంచే.

"మీకు తెల్వదు తియ్యుండ్రి" అంటూ చరచరా లోపలికి వెళ్లిపోయాడు. బస్సు కదిలింది. ఆమె మాత్రం మెడ తిప్పి, ఆ నీలం చొక్కా కనిపించినంత దూరం చూస్తూనే ఉంది.

అసలు సంగతేమిటంటే, పటాన్‌చెరు దాటాక రాజేశం సేఠ్‌ది పంపుల ఫ్యాక్టరీ. తాతల నాడు సంగారెడ్డి బజారులో పప్పులమ్మిన ఇల్లు, ఈయన చేతిలో ఇనుములోకి దిగింది. ఇంద్రేశం రైతు బిడ్డ నిషిత అక్కడ పొద్దుటి షిఫ్టు సూపర్‌వైజర్. పటేల్‌గూడ పిల్లవాడు జయంత్ మధ్యాహ్నం షిఫ్టుకు. ఆమె దిగే వేళకు అతను ఎక్కుతాడు. సూర్యుడూ చంద్రుడూ అనుకోండి.

నడుమ ఒక్క పావుగంట రెండు షిఫ్టులూ కలిసి ఉండేవి. వెళ్లేవాడు వచ్చేవాడికి మిషన్ కష్టసుఖాలు చెప్పి వెళ్లాలి. ఆ వంకన వీళ్లిద్దరూ పక్కపక్కన నడుస్తూ షెడ్డంతా తిరిగేవారు.

"మీ మూడో లేత్ మిషన్ మళ్ల అలిగింది మేడం."

"బుజ్జగించుకో. అలిగినోళ్లతోని నీకు మంచిగ కుదురుతది."

ఇలాంటి మాటలే, అంతకు మించి ఏమీ లేదు. కానీ పాలలో తోడు పడిన గడియ పాలకు తెలుస్తుందా? తెల్లారి చూస్తే పెరుగు.

అలా ఉండగా, మాల్ కొనే పుణె కంపెనీ కబురు పెట్టింది. పనంతా కంప్యూటర్ మీదికి రావాలి, లేదంటే ఆర్డర్ ఇంకొకరికి. సేఠ్ నిషితను పిలిచాడు. "బిడ్డా, ఈ మార్పంత నువ్వే ముందల నిలవడి నడిపియ్యాలె" అన్నాడు. ఆమెకు ఏనుగెక్కినంత సంబరమైంది. ఫోన్లలో యాప్ పెట్టించింది. మిషన్ బాగుంటే పచ్చ బొత్తం, తేడా ఉంటే ఎర్ర బొత్తం, అంతే. వచ్చేవాడు ఫోన్లో చూసుకుంటాడు, ఇక మాటలెందుకు? ఆ పావుగంట దండగని ఆమే తీయించేసింది.

కూర్చున్న కొమ్మను నరుక్కున్నానని మర్నాడు బస్సెక్కాక గాని తెలియలేదు పాపం.

షెడ్డులో పెట్టించిన పెద్ద స్క్రీన్ మాత్రం వరినారులా పచ్చగా కళకళలాడింది. అంతలో పుణె నుంచి లారీ వాపసు వచ్చింది, సైజు తేడా పడిన మాల్‌తో.

"అంత పచ్చగనే ఉంటె మాల్ ఎట్ల ఖరాబైంది బిడ్డా?" అన్నాడు సేఠ్. "సోమవారం వాళ్లే వస్తుండ్రు. వాళ్లకు నచ్చకపోతే ఆర్డర్ పోతది. ఆర్డర్ పోతే మధ్యాహ్నం షిఫ్టు బంద్ పెట్టుడే."

మధ్యాహ్నం షిఫ్టంటే జయంత్. నిషిత నేరుగా మూడో లేత్ నడిపే పోచయ్య దగ్గరికి వెళ్లింది. మిషన్ మీద చెయ్యి పెడితే కాలిపోతోంది, ఫోన్లో మాత్రం పచ్చ.

"పోచయ్య మామా, మిషన్ వేడెక్కుతుంటె పచ్చది ఎందుకు నొక్కినవ్?"

"ఎర్రది నొక్కితె సేఠ్ రూంల కనవడతది గద బిడ్డా! నా ఇజ్జత్ నేనే తీసుకుంటనా? ఇంతకుముందు నా తర్వాత నడిపే పాండు గాడు రాంగనే చెవుల ఏసెటోణ్ణి, ఆపి ఆపి నడుపురా అని. ఇప్పుడు వాడు వచ్చేటాలకు నేను బస్సుల ఉంటున్న."

ఆమె ఆ రోజు బస్సెక్కలేదు, బస్సును కూడా కదలనివ్వలేదు. వానలో తడిసి ముద్దయి వచ్చాడు జయంత్.

"యాప్ మీద కోపం ఇందుకేనా? ముందే చెప్పొద్దా?"

"మిషన్ల సంగతి నాకూ తెల్వదు మేడం. నా సంగతి వేరే."

"ఏంది నీ సంగతి?"

"ముందుగాల ఫ్యాక్టరీది చూడుండ్రి. నాది యాడికి పోదు."

రెండు షిఫ్టుల వాళ్లనూ పెద్ద స్క్రీన్ ముందు నిలబెట్టి, సేఠ్‌ను కూడా పిలిపించింది. అందరూ చూస్తుండగా తన పేరు మీద తనే ఎర్ర బొత్తం నొక్కింది.

"పావుగంట తీసేసింది నేను. తప్పు నాది. ఇయ్యాల్టి సంది పావుగంట మళ్ల ఉంటది. ఇద్దరు మిషన్ కాడ నిలవడి మాట్లాడుకొని, ఇద్దరు కలిసి నొక్కాలె. ఎర్రది నొక్కినోణ్ణి ఎందుకైందని అడగం. ఏం కావాలె అని అడుగుతం."

అందరి కళ్లూ సేఠ్ మీదే. ఆయన కళ్లజోడు తుడుచుకుని నవ్వాడు.

"మా నాయిన దుకాణంల పురుగు వట్టిన బస్తా ముందుగాల చూపెట్టినోనికే చాయ్ తాపెటోడు. ఈ పిల్ల గదే చెప్తున్నది. నొక్కుండ్రి ఎర్రది!"

ముందు జయంత్ నొక్కాడు, తర్వాత పోచయ్య, ఆపైన పాండు. చూస్తుండగానే స్క్రీన్ మిరపకాయల కళ్లమైంది. ఆ వారమంతా ఒక్కో మిషన్ బాగు చేయించారు.

సోమవారం పుణె పెద్దమనిషి వచ్చి స్క్రీన్ మీద ఆ వారం లెక్క చూసి కనుబొమలెగరేశాడు. "ఇత్నా లాల్?" ఇంత ఎరుపేంటని.

నిషిత తొణకలేదు. "లాల్ హమ్‌నే పక్డా సాబ్. హరా థా, తో ఆప్‌నే పక్డా." ఎర్రగా ఉంటే తప్పు మేమే పట్టుకున్నాం, పచ్చగా ఉన్నప్పుడు మీరు పట్టుకున్నారని.

ఆయన పకపకా నవ్వాడు. కొత్త మాల్ కొలిపించి చూసుకుని, ఆర్డర్ పెంచి మరీ వెళ్లాడు. షెడ్డంతా ఈలలు! సేఠ్ మిఠాయి డబ్బాలు తెప్పించి, "గడ్డపోతారంల మన రెండో ఫ్యాక్టరీ గూడ ఇగ ఈ పిల్లనే మారుస్తది" అని అందరి ముందు చాటాడు.

చప్పట్లు కొడుతూనే జయంత్ ముఖం వాడిపోయింది. లేత్‌ల నడుమ పక్కన నడుస్తూ, "అయితే ఇగ ఈ పావుగంట గూడ పాయె" అన్నాడు.

"ఇప్పుడు చెప్పు. నీ సంగతేంది?"

"ఏముంది నిషితా..." మేడం అనడం మరిచాడు. "నేను డ్యూటీకొచ్చేదే గీ పావుగంట కోసం."

"నాకు పావుగంట సాలదు జయంత్. ఆదివారం మీ అమ్మానాయినలను తోల్కొని ఇంద్రేశం రా. మా నాయినకు చెప్పిపెట్టిన."

"ఎప్పుడు?"

"లారీ వాపస్ వచ్చిననాడే. ఫ్యాక్టరీ ఉంటదో పోతదో గని, పిలగాడు మాత్రం పోవద్దనుకున్న."

జయంత్‌కు కాళ్లు నేల మీద నిలవలేదు. "మరి మీ నాయిన ఏమన్నడు?"

"పిలగానిది ఏ షిఫ్టు అని అడిగిండు. మధ్యాహ్నం షిఫ్టు అన్న. ఇంకేం, పొద్దుగాల నువ్వు డ్యూటీకి పోతె వంట పిలగాడే చేస్తడు, రమ్మను అన్నడు."

"పప్పు వస్తది, అన్నం వస్తది" అన్నాడు జయంత్, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా. "తతిమ్మావి ఆదివారం లోపల నేర్చుకుంట!"